తలుపు తెరిచి వెళ్ళారు

గోడౌను వెనక అద్దెగది,
సోమవారం

పెద్దమ్మకి,

నీ తొందరమ్మ నమస్కారాలు. నీ చెవికి ఫోను పడదు కాబట్టి కాగితం మీదే మొర పెట్టుకుంటున్నాను. నా ఉద్యోగం ఇప్పుడు నీ ఎర్ర పెన్నులో ఉంది.

సంగతి ఇది. మందుల గోడౌనులో నేను స్టోర్‌కీపర్నని, కోల్డ్ రూమ్ చూసుకుంటానని నీకు తెలుసు. చల్లగా ఉంచాల్సిన మందులన్నీ ఆ గదిలోనే ఉంటాయి. పోయిన నెల ఒక శనివారం ఆ గది తలుపు దాదాపు మూడు గంటలపాటు బార్లా తెరిచి ఉండిపోయింది. మందులన్నీ పనికిరాకుండా పోయాయి. తప్పు ఎవరిదో తేల్చడానికి కమిటీ వేసి, నన్ను ఇంగ్లీషులో రిపోర్టు రాయమన్నారు. రాశాను. వాళ్ళు దాని నిండా సున్నాలు చుట్టి తిప్పి పంపారు. "ఇవి వాక్యాలు కావు, ముక్కలు. పూర్తి వాక్యాల్లో రాసి వచ్చే నెల ఆఖరి శుక్రవారంలోగా ఇవ్వండి" అని కింద రాశారు. ఇవ్వకపోతే నా దగ్గర సమాధానం లేదని రాసుకుంటారట. అప్పుడిక ఇంటికే. ఇక్కడ పోతే మందుల పని చేసే ఏ చోటా నన్ను గడప తొక్కనివ్వరు.

నేను రాసింది ఇదీ:

"కోల్డ్ రూమ్ డోర్ ఓపెన్. బికాజ్ వెంట్ టు హెడ్ ఆఫీస్ ఫర్ సిగ్నేచర్. వెన్ కేమ్ బ్యాక్, వాటర్ ఆన్ ఫ్లోర్. ఆల్ బాక్సెస్ వెట్. లెఫ్ట్ ద డోర్ ఓపెన్ అండ్ వెంట్."

అయిదూ తప్పేనట. 'నేలంతా నీళ్ళు' అని తెలుగులో అంటే వినేవాడు చెప్పులు తీసి చేత్తో పట్టుకుంటాడు. ఇంగ్లీషువాడికి మాత్రం క్రియ లేకపోతే తడి తగలదు కాబోలు. నువ్వు తిట్టినా పరవాలేదు, ముందు దిద్ది పంపు.

నీ తొందరమ్మ

*

ఇంటి ముందు వరండా,
గురువారం

తొందరమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ముందు దిద్దాను, తరవాత చదివాను, ఆ తరవాత కంగారుపడ్డాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల నోటు పుస్తకాలతో కాపురం చేసినదాన్ని, నా వరస ఇంతే.

తప్పు నీది కాదులే. మనం పుట్టుకతోనే ముక్కలు మాట్లాడే మనుషులం. 'ఆయన డాక్టరు' అంటాం. అందులో క్రియ లేదు, అయినా ఆయన డాక్టరే. 'వచ్చాడు' అంటాం. ఎవరో చెప్పం, కానీ చివరి 'డు' చెప్పేస్తుంది, మగవాడని, ఒక్కడేనని, మనకి చనువున్నవాడని. మన క్రియకి తోక ఉంది, ఆ తోకలో మనిషి ఉంటాడు. ఇంగ్లీషు క్రియకి ఆ తోక లేదు. 'లెఫ్ట్' అంటే నేను వదిలానో, నువ్వు వదిలావో, ఊరంతా కలిసి వదిలారో ఆ మాటకే తెలియదు. అందుకని ముందు ఒక మనిషిని తెచ్చి నిలబెట్టాలి. చేసినవాడు ఒకడు, చేసిన పని ఒకటి. రెండూ ఉంటేనే వాక్యం.

ఇప్పుడు నీ ముక్కలు. డోరుకీ, నీళ్ళకీ, పెట్టెలకీ క్రియ లేదు. 'ద డోర్ వాజ్ ఓపెన్' అను. 'వెన్ ఐ కేమ్ బ్యాక్, దేర్ వాజ్ వాటర్ ఆన్ ద ఫ్లోర్' అను. 'ఆల్ ద బాక్సెస్ వర్ వెట్' అను. 'బికాజ్'తో మొదలుపెట్టిన ముక్క ఒంటరిగా నిలబడదు. 'సంతకం కోసం వెళ్ళాను కాబట్టి' అనేసి నువ్వు లేచి వెళ్ళిపోతే, కాబట్టి ఏమిటే అని ఎదుటివాడు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. దాన్ని పక్కదానికి అతికించు: 'ఐ వాజ్ నాట్ ఇన్ ద రూమ్ బికాజ్ ఐ హ్యాడ్ గాన్ టు హెడ్ ఆఫీస్.' చూశావా, ఎంత కుదురుగా కూర్చుందో.

చివరిది మాత్రం నేను దిద్దలేను. 'లెఫ్ట్ ద డోర్ ఓపెన్ అండ్ వెంట్.' ఈ వాక్యానికి తల లేదు. ఎవరు వదిలేసి వెళ్ళారు? అది నువ్వే చెప్పాలి. కాగితం కింద సంతకం నీది కనక, ఆ ఖాళీలో వాళ్ళు నిన్నే పెట్టుకుని చదువుతారు. అందుకని అశ్రద్ధ చెయ్యకు.

ఇంతకీ మావాడు అదే గోడౌనుకి మేనేజరుగా ఉండగా, ఇంత దూరం నాకు రాయడమెందుకే? ఎదురు గదిలో ఉన్న అన్నయ్యని అడగచ్చుగా. నా కొడుకని చెప్పడం కాదు గానీ, వాడి కాగితంలో ఒక్క ముక్క దొరకదు.

పెద్దమ్మ

*

అద్దెగది,
బుధవారం

పెద్దమ్మకి,

నాలుగు దిద్దుకున్నాను. రాసి, పైకి చదివి, కర్త దగ్గర ఓసారి, క్రియ దగ్గర ఓసారి బల్ల మీద కొట్టి చూశాను. పక్క గదిలో ఉండే నర్సు, గోడకి మేకులు కొడుతున్నాననుకుని పోట్లాటకి వచ్చింది.

అయిదోది అలాగే ఉంది. తలుపు తెరిచి వెళ్ళారు, అంతే. దానికి తల ఎక్కణ్ణుంచి తేను? ఆ ఒక్కటీ తీసేస్తే రిపోర్టు చెల్లదా? నాలుగు పూర్తి వాక్యాలు ఉన్నాయి కదా, అయిదోది లేకపోతే ఏమైంది? అన్నయ్యని అడగమన్నావు. అన్నయ్య చాలా బిజీ.

అన్నట్టు ఇదే సంగతి మీద మా ఆఫీసులో తయారైన ఇంకో కాగితం నా కంటపడింది. అందులో వాక్యం ఇది: 'ద డోర్ ఆఫ్ ద కోల్డ్ రూమ్ వాజ్ ఫౌండ్ ఓపెన్ వైల్ ద స్టోర్‌కీపర్ వాజ్ ఆన్ డ్యూటీ.' ఇది ఎలా ఉందో చెప్పు. మార్కులు కూడా వెయ్యి. ఎవరు రాశారని అడక్కు.

నీ తొందరమ్మ

*

వరండా,
ఆదివారం

తొందరమ్మకి ఆశీస్సులు.

ఆ వాక్యానికి పదికి పది. కర్త ఉండాల్సిన చోట కర్త ఉంది, క్రియ ఉండాల్సిన చోట క్రియ ఉంది, 'వైల్'తో వచ్చిన ముక్క బుద్ధిగా పెద్ద వాక్యం చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఎవరి మీదా నింద వెయ్యకుండా ఎంత మర్యాదగా ఉందో చూడు. నేనే కూర్చుని రాసినా ఇంతకన్నా బాగా రాయలేను. అది రాసినవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకో.

ఇక నీ సంగతి. నాకు ఇంగ్లీషు ఒక్కటే వచ్చనుకుంటున్నావా? 'తలుపు తెరిచి వెళ్ళారు' అని రాశావు. వెళ్ళాడు అనలేదు, వెళ్ళింది అనలేదు. అక్కడ పనిచేసే కుర్రవాళ్ళెవరైనా అయితే నువ్వు 'రు' వాడవు, నీ నోరు నాకు తెలుసు. అంటే నీకన్నా పెద్దవాళ్ళు, నువ్వు లేచి నిలబడాల్సినవాళ్ళు. తోక చూపించి తల దాచావు. ఆ 'రు' వెనక ఉన్న పెద్దమనిషి ఇంగ్లీషులోకి రాగానే మాయమైపోయాడు, ఆ ఖాళీలో నువ్వు నిలబడ్డావు. అర్థమవుతోందా?

నాకు కోపంగా ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్ల ఎవరో ఆఫీసరుకి భయపడి వాక్యాన్ని సగంలో వదిలేస్తుందా? ఎవరైనా సరే, ఎంతటివాళ్ళయినా సరే, తల పెట్టు. పెట్టకపోతే నా శిష్యురాలినని ఎక్కడా చెప్పుకోకు. అంత భయమైతే ఆ పెద్దమనిషి సంగతి మావాడి చెవిలో వెయ్యి. మిగతాది వాడు చూసుకుంటాడు.

పెద్దమ్మ

*

అద్దెగది,
గురువారం

పెద్దమ్మకి,

వాడి చెవిలో వెయ్యమన్నావు. వాడికి తెలుసు పెద్దమ్మా. వాడే.

ఇది కూడా ముక్కే కదూ. పూర్తిగా రాస్తాను. ఆ శనివారం అన్నయ్య ఇద్దరు అతిథుల్ని వెంటబెట్టుకుని గోడౌను చూపించడానికి వచ్చాడు. నన్ను ఒక ఫైలు మీద సంతకం కోసం హెడ్ ఆఫీసుకి పంపాడు. తాళం నా చేతిలోంచి తనే తీసుకున్నాడు. వాళ్ళకి కోల్డ్ రూమ్ చూపించి, ఫోను మాట్లాడుకుంటూ వాళ్ళని కారు దాకా సాగనంపి, అటునుంచి అటే భోజనానికి వెళ్ళిపోయాడు. తలుపు మరిచిపోయాడు. నేను తిరిగి వచ్చేసరికి నేలంతా నీళ్ళు. అతిథులు ఆ గదిలో అడుగుపెట్టకూడదని రూలు ఉంది. అందుకని వాళ్ళు వచ్చిన సంగతే ఎక్కడా రాయలేదు.

ఇంట్లో నేను అన్నయ్య 'వెళ్ళాడు' అంటాను. ఆఫీసులో సారు 'వెళ్ళారు' అంటాను. నీకు రాసేటప్పుడు ఏది రాయాలో తోచక 'రు' రాశాను. నువ్వు దాన్ని పట్టుకుని లాగావు.

నువ్వు పదికి పది వేసిన వాక్యం కమిటీకి అన్నయ్య ఇచ్చిన రిపోర్టులోది. ఎవరి మీదా నింద లేదన్నావు. మళ్ళీ చదువు. స్టోర్‌కీపర్ డ్యూటీలో ఉండగా తలుపు తెరిచి కనబడింది. ఆ స్టోర్‌కీపర్ని నేను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, నేను డ్యూటీలోనే ఉన్నాను, తలుపు తెరిచే ఉంది. కమిటీలో ఉన్న ముగ్గురూ దాన్ని చదివి నా వైపే చూశారు. అంత చక్కటి వాక్యం పక్కన నా అయిదు ముక్కలు పెడితే ఎవరిని నమ్ముతారు?

ఈ ఉద్యోగానికి నా పేరు చెప్పింది అన్నయ్యే. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది నువ్వు. అందుకే తల పెట్టలేదు. భయపడి కాదు.

నీ తొందరమ్మ

*

వరండా,
మంగళవారం

తొందరమ్మకి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. దిద్దలేదు.

వాడు అలా చేస్తాడని. అంటే, కావాలని కాదు. పని ఒత్తిడి. పైగా పక్కన అతిథులు. మరుపు ఎవరికైనా. వాడికి ఇద్దరు పిల్లలు, చిన్నది ఇంకా బడికే వెళ్ళడం లేదు. నువ్వు ఒంటిదానివి. అంటే, ఒంటిదానివని కాదు, నీకు దారులున్నాయని.

వ్యాకరణం సంగతికొస్తే, నీకు ఒకటి చెప్పడం మరిచాను. చేసినవాడు లేకుండా కూడా ఇంగ్లీషులో వాక్యం పూర్తవుతుంది. 'ద డోర్ వాజ్ లెఫ్ట్ ఓపెన్.' తలుపు తెరిచి వదిలివేయబడింది. ఇందులో తలుపే కర్త స్థానంలో కూర్చుంటుంది. ఎవరూ తప్పుపట్టలేరు, పరీక్షలో పూర్తి మార్కులు వేస్తారు. అయిదో దాని చోట ఇది పెట్టుకో. నీ మీదా రాదు, ఎవరి మీదా రాదు. నాకైతే అలా అనిపించింది.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తిండి.

పెద్దమ్మ

*

అద్దెగది,
శనివారం

పెద్దమ్మకి,

నీ ఉత్తరంలో ముక్కలు ఏరడం మొదలుపెట్టి, ఏడో దాని దగ్గర ఆపేశాను. 'వాడు అలా చేస్తాడని.' ఇలాంటిది నేను రాసి ఉంటే నా చెవి మెలిపెట్టి, 'చేస్తాడని, ఏమిటే' అనేదానివి. నేనూ అడుగుతున్నాను. చేస్తాడని, ఏమిటి?

తలుపు తెరిచి వదిలివేయబడిందట. నా చిన్నప్పుడు 'పాలగిన్నె ఒలికింది' అని నేను అంటే, 'గిన్నె దానంతట అది ఒలకదు, ఒలికించాను అను' అని నన్ను గోడ దగ్గర నిలబెట్టావు. నాకు ఆరేళ్ళు. వాడికి నలభై దాటాయి, వాడి తరఫున తలుపుని నిలబెడుతున్నావు.

నాకు ఏడుపు వచ్చింది. కోపంతో కాదు, నువ్వు కూడా అలా రాయగలవని తెలిసి. నువ్వు చెప్పిన వాక్యం పెడితే నా మీదా రాదన్నావు. అన్నయ్య రిపోర్టు పక్కనే ఉండగా నా మీద కాక ఇంకెవరి మీదకి వస్తుంది?

నిన్న అన్నయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏం రాశావమ్మా, చూపించు. ఇంగ్లీషు కాస్త సరిచేసి ఇస్తాను" అన్నాడు. ఇంకా అవలేదన్నాను. "కంగారేం లేదు, వీళ్ళు తీసేసినా నీకు ఎక్కడో ఒకచోట నేను చూసిపెడతాగా" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఒక్క క్షణం నిజంగా తప్పు నాదేనేమో అనిపించింది.

అయిదో వాక్యాన్ని రెండు కాగితాల మీద రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను. ఒకదానిలో మొదటి మాట 'ఐ'. రెండోదానిలో 'ద మేనేజర్'. రెండూ పూర్తి వాక్యాలే. నువ్వు నేర్పినట్టే తల ఉంది, పని ఉంది. మొదటిది పంపితే నీ రుణం తీరుతుంది. రెండోది పంపితే నాకు సాక్ష్యం లేదు, నా మాట ఒక్కటే, అయినా నిజం చెప్పానన్నది ఉంటుంది. వచ్చే శుక్రవారమే గడువు. ఏది పంపమంటావో చెప్పు. నువ్వు 'ఐ' అంటే 'ఐ' పంపుతాను, మళ్ళీ ఎప్పుడూ ఈ మాట ఎత్తను. కానీ ముక్కల్లో చెప్పకు.

నీ తొందరమ్మ

*

వరండా,
సోమవారం

తొందరమ్మకి,

'ద మేనేజర్' అన్నది పంపు. హోదాతో ఆగకు, పక్కన వాడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాయి. ఆ ఇంటిపేరు నాది కూడా.

సాక్ష్యం లేదన్నావు. ఉంది. దీనితో జతచేసి పంపుతున్నాను. అదేమిటో నీకు చెప్పడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది, పోయిన ఉత్తరం రాసేటప్పుడు కూడా ఇది నా సొరుగులోనే ఉంది.

మావాడి కాగితంలో ఒక్క ముక్క దొరకదని నీకు గొప్పగా రాశాను. దొరకదు, ఎందుకంటే వాడు ఆఫీసులో ఏది రాసినా ముందు పోస్టులో నాకు పంపిస్తాడు, నేను దిద్ది తిప్పి పంపిస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే తంతు. తల్లి దగ్గర దిద్దించుకుంటాడని నలుగురికీ తెలిస్తే వాడికి చిన్నతనం అని నీకు కూడా చెప్పలేదు. ఈ రిపోర్టు చిత్తుప్రతి కూడా నీ మొదటి ఉత్తరం రావడానికి వారం ముందు నాకు వచ్చింది. దిద్దిందాన్ని వేరే కాగితం మీద శుభ్రంగా రాసి వాడికి పంపాను. చిత్తుప్రతి నా దగ్గరే ఉండిపోయింది. నువ్వు ఆ వాక్యం పంపి మార్కులు వెయ్యమన్నప్పుడు చూడగానే గుర్తుపట్టాను. వాడు ఆఫీసులో అందరికీ నమూనాగా పెట్టాడు కాబోలని మురిసిపోయి, నాకు నేనే పదికి పది వేసుకున్నాను. అందులో స్టోర్‌కీపర్ అంటే నువ్వేనని నాకు తట్టనే లేదు. అమరిక చూశాను గానీ అర్థం చూడలేదు.

నీ ఉత్తరం వచ్చాక చిత్తుప్రతి తీసి మొదటిసారి చదివాను. దిద్దడం కాదు, చదివాను. అందులో నీ స్టోర్‌కీపర్ వాక్యం తరవాత, వాడి చేతిరాతతో ఇంకో రెండు ముక్కలున్నాయి. 'హావింగ్ సెంట్ హర్ టు హెడ్ ఆఫీస్.' 'ఆఫ్టర్ టేకింగ్ ద గెస్ట్స్ ఇన్ మైసెల్ఫ్ అండ్ ఫర్గెటింగ్ టు క్లోజ్ ఇట్.' ఆమెని హెడ్ ఆఫీసుకి పంపించి. అతిథుల్ని నేనే లోపలికి తీసుకెళ్ళి, తలుపు వెయ్యడం మరిచిపోయి. రెండూ అసమాపక క్రియలే, దేనికీ అతకకుండా గాలిలో వేలాడుతున్నాయి. అతికించి పూర్తి వాక్యం చెయ్యడం నాకు ఒక్క నిమిషం పని. ఆ రోజు ఎండగా ఉంది, కళ్ళజోడు జారుతోంది, ఇంకా నాలుగు పేజీలున్నాయి. రెండింటినీ ఎర్ర గీతతో కొట్టేసి, పక్కన 'ఇవి వాక్యాలు కావు, తీసెయ్' అని రాశాను.

తల్లీ, వాడు మొదట నిజమే రాశాడు. నిజం రెండు ముక్కలుగా ఉందని నేను తీసేశాను. అవి లేకుండా కాగితం ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని వాడు ఊరుకున్నాడు. అక్కడ తప్పు వాడిదే. నేను దిద్దకపోయి ఉంటే వాడు అదే కమిటీకి ఇచ్చేవాడేమో, ఇవ్వకపోయేవాడేమో. నాకు తెలియదు, ఇక తెలుసుకునే దారి కూడా లేదు.

వాడికి కూడా ఇవాళే రాశాను, ఏం పంపుతున్నానో చెప్పే రాశాను. శుక్రవారంలోగా వాడే వెళ్ళి చెప్పుకుంటే నీకు ఈ కాగితం అక్కర ఉండదు. చెప్పుకోకపోతే మొహమాటపడకుండా రిపోర్టుకి జతచేసి ఇచ్చెయ్యి. వాడు నాతో మాట్లాడటం మానేస్తాడని నాకు భయంగా ఉంది. కోడలు పిల్లల్ని పంపడం మానేస్తుందని ఇంకా భయంగా ఉంది. నిన్ను ఆ 'ఐ' దాకా నడిపించినందుకు సిగ్గుగా ఉంది.

కమిటీ వాళ్ళు ఆ గీతలు ఎవరివని అడుగుతారు. చిత్తుప్రతి అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను: 'ఈ రెండింటినీ కొట్టేసింది నేను.' దాని కింద సంతకం పెట్టాను. సంతకం కింద రిటైర్డు టీచరునని రాయబోయి ఆగాను. మేనేజరు తల్లినని రాశాను.

పెద్దమ్మ